డేనియల్ వెబ్‌స్టర్: హైవేకి పేరిచ్చిన ప్లీడరు

(ఇది ఒక చర్చ. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

మెరిమాక్ ఒడ్డు

అందరికీ నమస్కారం. మేముండేది న్యూ హాంప్‌షైర్‌లోని నాషువాలో. ఇక్కడి దుకాణాల్లో సగం డేనియల్ వెబ్‌స్టర్ హైవే మీదే ఉంటాయి. ఈ రాష్ట్రంలో అమ్మకపు పన్ను లేదు కాబట్టి శనివారం వచ్చిందంటే మసాచుసెట్స్ కార్లన్నీ సరిహద్దు దాటి ఆ రోడ్డు మీదికే వస్తాయి. పదకొండేళ్ళుగా పాలూ కూరగాయలూ అక్కడే కొంటున్నాను. ఆ పేరు ఎవరిదని ఒక్కనాడూ ఆలోచించలేదు.

నెల క్రితం తణుకు నుంచి మా మామగారు వచ్చారు. కారులో కూర్చుంటే కనబడిన ప్రతి బోర్డూ పైకి చదవడం ఆయన అలవాటు. "ఈ వెబ్‌స్టరు ఎవరు బాబూ?" అని అడిగారు. "డిక్షనరీ రాసినాయన" అని ధీమాగా చెప్పేశాను. ఇంటికొచ్చి చూస్తే అది వేరే వెబ్‌స్టర్. పరువు పోయింది. అప్పటి నుంచి రోజూ కాఫీ దగ్గర "ఇంతకీ మీ రోడ్డాయన ఏం చేశాడు?" అని ఒకటే ప్రశ్న. తెలిసినవారు చెప్పి పుణ్యం కట్టుకోండి.

ప్లీడరు తాత

మీరొక్కరే కాదు లెండి, ఆ పొరపాటు నేనూ చేశాను. నిఘంటువు నోవా వెబ్‌స్టర్‌ది. ఈయన డేనియల్. పుట్టింది 1782 జనవరి 18న, మీ రాష్ట్రంలోనే, సాల్స్‌బరీ అనే పల్లెలో. తండ్రి ఎబినీజర్ రైతు, స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాడు. పెద్ద చదువు లేకపోయినా ఊళ్ళో పెద్దమనిషి కాబట్టి జిల్లా కోర్టులో న్యాయమూర్తిగా కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో అక్కడ అది మామూలే.

నలభై ఏళ్ళు రాజమండ్రి కోర్టుల్లో తిరిగినవాణ్ని. ఈయన జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం చెబుతాను. కుర్రవాడు బోస్టన్‌లో క్రిస్టఫర్ గోర్ అనే పెద్ద లాయరు దగ్గర జూనియర్‌గా ఉన్నాడు. ఇంటి దగ్గర తండ్రి నానా తంటాలూ పడి తన కోర్టులోనే గుమాస్తా ఉద్యోగం ఖాయం చేశాడు. ఏడాదికి 1,500 డాలర్లు. ఇల్లంతా అప్పుల్లో ఉన్నప్పుడు ఆ డబ్బంటే పండగే. డేనియల్ ఎగిరి గంతేసి గోర్‌కి చెప్పాడు. ఆయన మాత్రం "వద్దు. ఒకసారి గుమాస్తావి అయితే జన్మంతా గుమాస్తావే. చదువు పూర్తిచేసి బారులో చేరు" అన్నాడట. కుర్రవాడు మంచు బండిలో ఇంటికి వెళ్ళి, ఆ ఉద్యోగం తనకు వద్దని తండ్రికి చెప్పాడు. తండ్రి కాసేపు మాట్లాడలేదట. తరువాత, నువ్వు పెద్దవాడివైనా అవుతావు లేకపోతే ఎందుకూ కొరగాకుండానైనా పోతావు, ఏదో తేలడం లేదని మీ అమ్మ ఎప్పుడూ అనేది, ఇవాళ ఆ సందేహం తీర్చేస్తున్నట్టున్నావు అన్నాడట. ఇది వెబ్‌స్టర్ స్వయంగా రాసుకున్నదే.

1805లో బారులో చేరాడు. మరుసటి ఏడాదే తండ్రి పోయాడు. కొడుకు ఏ సంగతీ తేల్చకముందే.

దస్తావేజు

తాతగారూ, ఆ ముందు కథ మీరు వదిలేశారు. అది నాకు బాగా దగ్గరిది కాబట్టి నేను చెబుతాను.

డార్ట్‌మౌత్ కాలేజీలో 1801లో చదువు అయ్యాక అన్న ఎజికియల్‌ని చదివించడానికి డబ్బు లేదు. డేనియల్ మెయిన్ ప్రాంతంలోని ఫ్రైబర్గ్‌కి పోయి బడిపంతులుగా చేరాడు. ఏడాదికి 350 డాలర్లు. ఆ జీతం ముట్టుకోకుండా దాచాడు. తన తిండి ఖర్చుకి రాత్రిళ్ళు రిజిస్ట్రారు దగ్గర భూమి దస్తావేజులకు నకళ్ళు రాశాడు. పగలు బడి, రాత్రి కొవ్వొత్తి వెలుగులో నకళ్ళు. పెద్దయ్యాక ఆ రోజుల గురించి రాస్తూ, ఆ నొప్పి ఇంకా నా వేళ్ళను వదల్లేదు అన్నాడు. కుదురైన దస్తూరీతో రాయవలసి రావడమంత కష్టం తనకు మరొకటి లేదట.

మా నాన్నగారు తెనాలి రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవారు. సాయంత్రం ఇంటికొచ్చాక కుడిచేతి మధ్యవేలు పక్కన కాయ కాసిన చోట కొబ్బరినూనె రాసుకునేవారు. "సర్వహక్కులతో దఖలు పరచడమైనది" అనే మాట ఎన్ని వేలసార్లు రాశారో. అందుకే ఈ అమెరికా ప్లీడరు ఎన్ని ఉపన్యాసాలిచ్చినా నాకు గుర్తుండేది ఆ వేళ్ళే.

తుంగభద్ర

లా మూడో ఏడాది చదువుతున్నాను, కర్నూలు. మాకు కంపెనీ చట్టం పాఠంలో డార్ట్‌మౌత్ కాలేజీ కేసు ఒక్క వాక్యంలో వస్తుంది, "కార్పొరేషన్ అనేది కంటికి కనబడని కృత్రిమ వ్యక్తి" అని. అక్కడ వాదించింది ఈయనేనా? ఆ కేసులో జడ్జీలు కన్నీళ్ళు పెట్టుకున్నారని ఎక్కడో చదివాను. అది నిజమేనా తాతగారూ?

ప్లీడరు తాత

ఆయనే అమ్మా. కథ ఇదీ. 1769లో ఇంగ్లండు రాజు మూడో జార్జి పేరున ఆ కాలేజీకి చార్టర్, అంటే స్థాపన పత్రం, ఇచ్చారు. దేశం స్వతంత్రమయ్యాక, 1816లో న్యూ హాంప్‌షైర్ శాసనసభ ఆ చార్టర్‌ని మార్చేసి, కాలేజీని విశ్వవిద్యాలయం చేసి, ట్రస్టీల సంఖ్య పెంచి, పెత్తనం ప్రభుత్వం చేతికి తెచ్చుకుంది. పాత ట్రస్టీలు కోర్టుకెక్కారు. కాలేజీ ముద్రా, లెక్కల పుస్తకాలూ వుడ్‌వర్డ్ అనే కోశాధికారి దగ్గర ఉండిపోయాయి కాబట్టి దావా ఆయన మీద వేశారు. రాష్ట్ర కోర్టులో ఓడిపోయారు. వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు ముందు 1818 మార్చిలో వెబ్‌స్టర్ లేచి నాలుగు గంటలకు పైగా వాదించాడు. అప్పటికి ఆయన వయసు 36.

వాదన ఒక్క ముక్కలో: చార్టర్ అంటే ఒప్పందం. ఒప్పందాల బాధ్యతను చెడగొట్టే చట్టం ఏ రాష్ట్రమూ చేయకూడదని రాజ్యాంగంలో ఉంది. రాజు పోయినా ఒప్పందం పోదు. 1819 ఫిబ్రవరిలో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ అదే తీర్పు రాశాడు. నీ పాఠంలోని ఆ వాక్యం ఆ తీర్పులోదే. అప్పటి నుంచి అమెరికాలో ప్రైవేటు సంస్థలకు చార్టర్ ఒక కోటగోడ అయింది. కాలేజీలకే కాదు, బ్యాంకులకూ రైలు కంపెనీలకూ కూడా. అది మంచికో చెడుకో నేను చెప్పను.

కన్నీళ్ళ మాట. వాదన చివర వెబ్‌స్టర్ గొంతు తడబడి, "అయ్యా, ఇది చిన్న కాలేజీ. అయినా దాన్ని ప్రేమించేవాళ్ళు ఉన్నారు" అన్నాడని, మార్షల్ కళ్ళు చెమర్చాయని చెబుతారు. నా జూనియర్లందరికీ ఇది చెప్పాను. మూడున్నర గంటలు చట్టం మాట్లాడాకే ఆఖరి అరగంట హృదయం మాట్లాడాలి, ముందే ఏడిస్తే జడ్జి గడియారం చూస్తాడని.

అదే ఏడాది మరో పెద్ద కేసు. మేరీల్యాండ్ రాష్ట్రం జాతీయ బ్యాంకు శాఖ మీద పన్ను వేస్తే, హద్దులేని పన్ను అధికారంలో నాశనం చేసే అధికారం కూడా ఇమిడి ఉంటుందని వెబ్‌స్టర్ వాదించాడు. మార్షల్ ఆ మాటను దాదాపు అలాగే తీర్పులోకి ఎత్తుకున్నాడు. మన కోర్టుల్లోనూ పన్నుల కేసులు వాదించే ప్రతివాడూ ఆ మాట వాడతాడు. తెలిసి కొందరు, తెలియక కొందరు.

మెరిమాక్ ఒడ్డు

తాతగారూ, దీనికి ఒక ఉపకథ. మా హైవే చివర ఒక పెద్ద మాల్ ఉంది. దాని పార్కింగ్ స్థలం కొంత మసాచుసెట్స్‌లో పడుతుంది. పన్ను గొడవ రాకుండా కట్టేటప్పుడే భవనం మూల కత్తిరించేసి, గోడ మొత్తం న్యూ హాంప్‌షైర్‌లోనే ఉండేలా చూసుకున్నారు. మీ పన్ను వాక్యం చదివి వినిపిస్తే మామగారు పకపకా నవ్వారు.

ఉప్పుగాలి

బాగుంది, భజన మొదలైంది. కాస్త తాళం మారుస్తాను.

ఆ "చిన్న కాలేజీ" మాట కోర్టు నివేదికలో లేదు. వెబ్‌స్టర్ అచ్చువేయించిన వాదనలోనూ లేదు. ఆ రోజు కోర్టులో కూర్చున్న గుడ్‌రిచ్ అనే యేల్ ప్రొఫెసర్ గుర్తు తెచ్చుకుని రాసి పంపితే, రూఫస్ చోట్ అనే లాయరు 1853లో వెబ్‌స్టర్ సంతాప ఉపన్యాసంలో చదివాడు. అంటే వాదన జరిగిన 35 ఏళ్ళకు, అదీ మనిషి పోయాక. పోయినవాళ్ళ కళ్ళు పెద్దవని మనకు తెలియనిదా?

ఇక ఆయన కాపాడిన బ్యాంకు గురించి. ఈయన తరువాత మసాచుసెట్స్ నుంచి సెనేట్‌లో, అంటే కేంద్ర చట్టసభ పై సభలో, సభ్యుడయ్యాడు. జాతీయ బ్యాంకుకు సెనేట్‌లో గొంతు ఎవరిది? వెబ్‌స్టర్‌ది. అదే బ్యాంకుకు ఫీజు తీసుకునే వకీలు ఎవరు? వెబ్‌స్టర్. అధ్యక్షుడు జాక్సన్‌కూ బ్యాంకుకూ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 1833 డిసెంబరులో, బ్యాంకు అధిపతి నికొలాస్ బిడిల్‌కి ఈయన ఒక ఉత్తరం రాశాడు. నా రిటైనర్ (వకీలుగా ఉంచుకోవడానికి ఇచ్చే రుసుము) ఎప్పటిలా పునరుద్ధరించినట్టు లేదు, బ్యాంకుతో నా సంబంధం కొనసాగాలనుకుంటే ఆ మామూలు మొత్తం పంపడం మంచిది, అని. సెనేట్‌లో కూర్చుని రాసిన ఉత్తరం అది. మన దగ్గర దీన్ని ఏమంటారో నేను చెప్పక్కరలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, ఈయన వడ్డించే గరిటెకే బాడుగ అడిగాడు.

ప్లీడరు తాత

ఉప్పుగాలి గారూ, ఆ ఉత్తరాన్ని సమర్థించను. ఒక్క సంగతి మాత్రం. ఆ కాలంలో సెనేటర్లు వకాల్తా మానుకోవాలన్న నియమం లేదు. ఆయన సుప్రీంకోర్టులో 200కు పైగా కేసులు వాదించాడు, అందులో చాలా భాగం సభలో సభ్యుడిగా ఉంటూనే. అయినా ఆ ఉత్తరంలోని "మామూలు" అనే మాట నాకూ గుచ్చుకుంటుంది. మా బారులో ఒక సామెత లాంటిది ఉండేది, ఫీజు ముందు అడిగేవాడు ప్లీడరు, సాక్ష్యం మధ్యలో అడిగేవాడు ఇంకేదో అని.

నల్లబల్ల

హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను, కరీంనగర్. ఫీజుల లెక్క పక్కన పెట్టి అసలు సంగతికి రండి. రోడ్లకూ చౌరస్తాలకూ ఆయన పేరు పెట్టింది కోర్టు కేసుల కోసం కాదు. 1830 జనవరిలో సెనేట్‌లో ఇచ్చిన సమాధానం కోసం.

మొదలు చిన్న విషయం, పడమటి ప్రభుత్వ భూముల అమ్మకం. అది సాగి సాగి, రాష్ట్రం పెద్దదా కేంద్రం పెద్దదా అన్న దగ్గరికి చేరింది. దక్షిణ కెరొలైనా సెనేటర్ రాబర్ట్ హేన్ లేచి, నచ్చని కేంద్ర చట్టాన్ని రాష్ట్రం రద్దు చేసుకోవచ్చన్నాడు. ఆ సిద్ధాంతం అల్లిన జాన్ కల్‌హూన్ ఉపాధ్యక్షుడి హోదాలో సభాపతి కుర్చీలోనే ఉన్నాడు. అంటే హేన్ మాట్లాడుతున్నా వాక్యాలు కుర్చీలోంచి వస్తున్నాయన్న మాట. వెబ్‌స్టర్ రెండు రోజులు మాట్లాడాడు. గ్యాలరీ నిండిపోయి, ఆడవాళ్ళు సభ లోపలికి వచ్చి సెనేటర్ల కుర్చీల్లో కూర్చున్నారు. చివరి వాక్యం తరతరాల పిల్లలు బడిలో కంఠస్థం చేశారు: "స్వేచ్ఛ, సమాఖ్య, ఇప్పుడూ ఎప్పటికీ, ఒకటే, విడదీయరానివి."

దానికంటే నాకు ముఖ్యమైన వాక్యం మధ్యలో ఉంది. ఇది ప్రజల ప్రభుత్వం, ప్రజల కోసం చేసింది, ప్రజలు చేసింది, ప్రజలకే జవాబు చెప్పవలసింది అన్నాడు. 33 ఏళ్ళ తరువాత గెటిస్‌బర్గ్‌లో లింకన్ నోట వచ్చిన మాటకు ఊట ఇక్కడ ఉంది. నేను తరగతిలో లింకన్ వాక్యం చెప్పినప్పుడల్లా ఈ వాక్యం పక్కన రాసేవాణ్ని. పిల్లలు "సార్, ఇది కాపీయా?" అనేవాళ్ళు. కాపీ కాదురా, నారు ఒకరు పోశారు, నాటు మరొకరు వేశారు అనేవాణ్ని.

ఇంకొకటి. ఇంత మాటకారి చిన్నప్పుడు ఎక్సెటర్ బడిలో లేచి నిలబడి నాలుగు మాటలు అప్పచెప్పలేకపోయేవాడు. గదిలో పదిసార్లు వల్లించుకునేవాడు, పేరు పిలిచేసరికి కుర్చీలోంచి లేవలేకపోయేవాడు. ఇది పిరికి పిల్లలందరికీ చెప్పాను. కొందరు లేచారు కూడా.

తుంగభద్ర

నల్లబల్ల మాస్టారూ, మరి ఇంత పేరుండి అధ్యక్షుడు ఎందుకు కాలేదు?

నల్లబల్ల

ఆశ లేక కాదు. 1836లో జాక్సన్ వ్యతిరేకుల విగ్ పార్టీ తరఫున నిలబడితే గెలిచింది మసాచుసెట్స్ ఒక్కటే. ఈయన ధనవంతుల మనిషన్న పేరు పడింది. మనిషి కూడా అందరికీ అందేవాడు కాదు. నల్లటి మేని ఛాయ, లోతైన కళ్ళు, పెద్ద నుదురు. చూస్తేనే గౌరవమూ బెదురూ కలిగేవట.

1841లో హారిసన్ అధ్యక్షుడైతే ఈయన విదేశాంగ మంత్రి. కొత్త అధ్యక్షుడి ప్రారంభోపన్యాసం నిండా రోమన్ చరిత్రేనట. దాన్ని కత్తిరించి అలసిపోయి వచ్చిన వెబ్‌స్టర్, ఇవాళ పదిహేడుమంది రోమన్ ప్రొకాన్సల్స్‌ను (రాష్ట్ర పాలకులను) చంపి వచ్చానని అన్నాడని చెప్పుకుంటారు. అంత చంపినా ఉపన్యాసం దాదాపు రెండు గంటలు సాగింది. నెల తిరక్కుండా హారిసన్ పోయాడు.

1848లో జకారీ టేలర్ కింద ఉపాధ్యక్ష స్థానానికి అడిగితే, నిజంగా చచ్చి పెట్టెలో పడుకునేదాకా నన్ను పాతిపెట్టనివ్వను అన్నాడట. రెండేళ్ళకు టేలర్ పోయాడు. అధ్యక్షుడి కుర్చీ ఉపాధ్యక్షుడైన ఫిల్‌మోర్‌కి దక్కింది. ఆ ఫిల్‌మోర్ కిందే ఈయన మళ్ళీ మంత్రిగా చేరాడు. రాత అంటే ఇదే.

మెరిమాక్ ఒడ్డు

మధ్యలో ఒక మాట. మంత్రిగా చేసిన పని ఒకటి చదివాను. 1842లో బ్రిటన్ తరఫున వచ్చిన ఆష్‌బర్టన్ ప్రభువుతో కూర్చుని మెయిన్ సరిహద్దు తేల్చాడు. తగాదాలో ఉన్న 12,000 చదరపు మైళ్ళలో 7,000 పైచిలుకు అమెరికాకు వచ్చింది. ఎవరూ తుపాకీ పేల్చలేదు. మా మామగారు ఇది విని, "మా ఊళ్ళో గట్టు తగాదా మూడు తరాలుగా నడుస్తోంది, ఈయన్ని పిలిపించవలసింది" అన్నారు.

ఉప్పుగాలి

ఆ ఆష్‌బర్టన్ ఎవరో కూడా మీ మామగారికి చెప్పండి. బేరింగ్ బ్యాంకు కుటుంబం మనిషి. ఆ బేరింగ్ బ్యాంకుకు అమెరికాలో లాయరుగా పనిచేసింది వెబ్‌స్టరే! మెయిన్ జనాన్ని ఒప్పించడానికి అక్కడి పత్రికల్లో రాతలకు ప్రభుత్వ రహస్య నిధి నుంచి డబ్బు కూడా ఇచ్చాడు. గట్టు తేలింది నిజమే, తేల్చిన పెద్దమనిషి రెండు పక్షాల ఇళ్ళలోనూ భోంచేసినవాడు.

ప్లీడరు తాత

న్యాయం కోసం ఇంకొకటి చేర్చాలి. 1837లో కెనడా తిరుగుబాటుదారులకు సామాను మోస్తోందని కారొలైన్ అనే ఆవిరిపడవను బ్రిటిషువాళ్ళు నయాగరా నది అమెరికా ఒడ్డున పట్టుకుని నిప్పంటించి వదిలేశారు. ఆత్మరక్షణ అన్నారు. దానికి జవాబుగా 1841లో వెబ్‌స్టర్ రాసిన ఉత్తరంలో, ఆత్మరక్షణ అనాలంటే అవసరం అప్పటికప్పుడు ముంచుకొచ్చినదై, మరో దారి లేనిదై, ఆలోచించే క్షణం కూడా మిగలనిదై ఉండాలని గీత గీశాడు. నూరేళ్ళ తరువాత నాజీ నాయకుల న్యూరెంబర్గ్ విచారణలో ఆ కొలతే వాడారు. నేటికీ ఒక దేశం మరో దేశం మీద ముందస్తు దాడి చేస్తే పండితులు మొదట తీసేది ఆ వాక్యమే. ప్లీడరు రాసిన ఉత్తరం చట్టమైన సందర్భాలు అరుదు.

ఉప్పుగాలి

సరే, ఇప్పుడు మీరందరూ తప్పించుకు తిరుగుతున్న తేదీకి వద్దాం. 1850 మార్చి 7.

కాలిఫోర్నియాను బానిసత్వం లేని రాష్ట్రంగా చేర్చుకోవాలి, బదులుగా దక్షిణాదికి ఏదో ఇవ్వాలి. హెన్రీ క్లే రాజీ పథకం అల్లాడు. అందులో ఒకటి పారిపోయిన బానిసల చట్టం. ఉత్తరాది మొత్తం వెబ్‌స్టర్ వైపు చూసింది. 1820లో ప్లిమత్‌లో నిలబడి బానిస వ్యాపారాన్ని దుమ్మెత్తిపోసిన మనిషి కదా. ఆయన లేచి, "నేను ఇవాళ మసాచుసెట్స్ మనిషిగా కాదు, ఉత్తరాది మనిషిగా కాదు, అమెరికన్‌గా మాట్లాడదలచాను" అని మొదలుపెట్టి, మూడు గంటలు మాట్లాడి, ఆ చట్టాన్ని సమర్థించాడు.

ఆ చట్టం ఏమిటో చూడండి. బానిస అని పట్టుకొచ్చిన మనిషికి జ్యూరీ లేదు. తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. తేల్చేది ఒక కమిషనర్. ఈ మనిషి బానిసే అని తేలిస్తే కమిషనర్‌కి ఫీజు 10 డాలర్లు. కాదు, వదిలెయ్యండి అంటే 5 డాలర్లు. మళ్ళీ చదవండి. బానిసగా పంపితే పది, వదిలితే అయిదు. పంపితే కాగితం పని ఎక్కువ కాబట్టి అలా పెట్టాం అన్నారు.

1851 ఏప్రిల్‌లో టామస్ సిమ్స్ అనే కుర్రవాణ్ని బోస్టన్‌లో పట్టుకుని, తెల్లవారకముందే వందలమంది కాపలాతో ఓడ ఎక్కించి జార్జియాకు పంపారు. అక్కడ కొరడాలతో కొట్టారు. అంతకు రెండు నెలల ముందు షాడ్రాక్ మింకిన్స్ అనే హోటలు సర్వరును కోర్టు హాల్లోంచే నల్లజాతి జనం విడిపించుకుపోయి కెనడా చేర్చారు. విడిపించినవాళ్ళను శిక్షించి తీరాలని పట్టుబట్టింది ఎవరు? విదేశాంగ మంత్రి వెబ్‌స్టర్. ఒక్కరికీ శిక్ష పడలేదనుకోండి.

కవి విటియర్ ఆయన్ను బతికుండగానే చచ్చినవాడిగా భావించి పద్యం రాశాడు. రచయిత ఎమర్సన్ తన దినచర్యలో, వెబ్‌స్టర్ నోట స్వేచ్ఛ అనే మాట వేశ్య నోట ప్రేమ అనే మాటలా ఉందన్నాడు. నేను ఇంకేం చేర్చను?

నల్లబల్ల

ఉప్పుగాలి గారూ, మీ కోపం న్యాయమే. కానీ క్యాలెండర్ చూడండి. 1850లో దక్షిణాది విడిపోయి ఉంటే? అప్పటికి ఉత్తరాదిలో 1861 నాటి రైళ్ళు లేవు, ఫ్యాక్టరీలు లేవు, లింకన్ లేడు, ఆయన పార్టీయే పుట్టలేదు. ఆ పదకొండేళ్ళ గడువే తరువాత 1861లో మొదలైన అంతర్యుద్ధం గెలిపించిందని వాదించే చరిత్రకారులు ఉన్నారు. వెబ్‌స్టర్‌కి ఆ లెక్క తెలుసని నేను అనను. ఆయనకు తెలిసింది ఒకటే, దేశం ముక్కలైతే మళ్ళీ అతకదని. తన సొంత రాష్ట్రంలో పేరు మట్టిలో కలుస్తుందని తెలిసే మాట్లాడాడు. బోస్టన్ పురపాలకులు ఫెన్యుయిల్ హాలులో ఆయన సభకు అనుమతి కూడా ఇవ్వలేదు. ఆయన ఎన్నోసార్లు మాట్లాడిన హాలు అది.

ఉప్పుగాలి

గడువు ఎవరిది మాస్టారూ? ఆ పదకొండేళ్ళు కొరడా కింద ఉన్నది సిమ్స్, మీరూ నేనూ వెబ్‌స్టరూ కాదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ చట్టం చూశాకే ఉత్తరాదిలో మామూలు జనం కూడా బానిసత్వం మీద తిరగబడ్డారు. సమాఖ్యను కాపాడబోయి యుద్ధాన్ని దగ్గర చేశాడు.

తుంగభద్ర

నేను ఒకటి కనుక్కున్నాను, ఇది మిమ్మల్ని ఇద్దరినీ ఇబ్బంది పెడుతుంది.

పాల్ జెనింగ్స్ అని ఒకాయన. పుట్టుకతో బానిస, అధ్యక్షుడు మాడిసన్ ఇంట్లో పెరిగాడు, ఆయన చనిపోయేటప్పుడు పక్కన ఉన్నాడు. 1847లో వెబ్‌స్టర్ 120 డాలర్లు చెల్లించి ఆయన్ను విడిపించాడు. నెలకు 8 డాలర్ల చొప్పున పనిచేసి తీర్చుకోవాలని ఒప్పందం. భోజనం, బట్టలు, చాకలి ఖర్చు వెబ్‌స్టర్‌వి. లెక్క వేస్తే పదిహేను నెలలు. ఆ జెనింగ్స్ తరువాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఇంకో సంగతి ఉంది. మాడిసన్ భార్య డాలీ ముసలితనంలో తిండికి లేని స్థితికి వచ్చింది. వెబ్‌స్టర్ తరచు సరుకులు నింపిన బుట్ట ఇచ్చి, ఆమె ఇంటికి చేర్చమని జెనింగ్స్‌నే పంపేవాడట. అది కాక జెనింగ్స్ తన జేబులోంచి కూడా ఆమెకు చిన్న మొత్తాలు ఇచ్చేవాడు. తనను అమ్మేసిన యజమానురాలికి.

ఈ మనిషే మూడేళ్ళ తరువాత మార్చి 7న ఆ మూడు గంటలు మాట్లాడాడు. నాకు అర్థం కావడం లేదు.

దస్తావేజు

నెలకు ఎనిమిది డాలర్లు, పదిహేను నెలలు. అది కూడా ఒక దస్తావేజే కదా తల్లీ. మా నాన్నగారు రాసేవాటిలో పొలం ఉండేది, చెట్లు ఉండేవి, బావిలో వాటా ఉండేది. మనిషి ఉండేవాడు కాదు.

ప్లీడరు తాత

రెండు రోజులుగా ఆలోచించి రాస్తున్నాను.

నల్లబల్ల గారు ఆయన్ను రాజనీతిజ్ఞుడిగా చూస్తున్నారు, ఉప్పుగాలి గారు అమ్ముడుపోయినవాడిగా చూస్తున్నారు. నాకు మాత్రం ఆయన మొదటి నుంచి చివరి దాకా ప్లీడరే. ప్లీడరుకు ఒక జబ్బు ఉంటుంది, నాకూ ఉండేది. వకాల్తా మీద సంతకం పడ్డాక లోకంలో కక్షిదారు ఒక్కడే కనబడతాడు. వెబ్‌స్టర్ ఆఖరి కక్షిదారు సమాఖ్య. ఆ దావా గెలవాలి, ఎదుటి పక్షం దక్షిణాది, రాజీ కుదిరితే రాజీ. అంతా పద్ధతిగానే చేశాడు. కానీ ఆ దావాలో ఎవరి బతుకు తేలుతోందో ఆ ముప్పై లక్షల మందిని పక్షంగా చేర్చలేదు. మా భాషలో చెప్పాలంటే, అవసరమైన పక్షాన్ని చేర్చని దావా. దానిలో ఎంత గొప్ప డిక్రీ వచ్చినా నిలవదు. పదకొండేళ్ళకు కొట్టుకుపోయింది.

జెనింగ్స్ సంగతి కూడా అలాగే అర్థమవుతుంది తుంగభద్రా. ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, కక్షిదారు అయ్యాడు. సిమ్స్ నిలబడలేదు, కాగితంలో పేరుగా వచ్చాడు.

ఉప్పుగాలి

తాతగారూ, ఇది నేను ఒప్పుకుంటాను. సంతోషంగా కాదు.

నల్లబల్ల

ఆ మాట మీద నేనూ వాదించను. చివరి సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటాను. 1852లో బాల్టిమోర్‌లో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి విగ్ పార్టీ సమావేశం. దక్షిణాది కోసం అంత పోగొట్టుకున్నాడు కదా, దక్షిణాది ప్రతినిధులు ఒక్క ఓటూ వేయలేదు. మొదటి విడతలో ఈయనకు 29 ఓట్లు. 53వ విడతలో విన్‌ఫీల్డ్ స్కాట్ నెగ్గాడు. ఆ మే నెలలో గుర్రపుబండి మీంచి పడ్డాడు, లోపల కాలేయం ఎప్పుడో పాడైంది. మార్ష్‌ఫీల్డ్‌లో సముద్రం పక్కన పెద్ద పొలం, నిండా అప్పులు. చివరి రోజుల్లో తన పశువులను కిటికీ దగ్గరికి తోలించుకుని చూసుకున్నాడంటారు. అక్టోబరు 24 తెల్లవారుజామున పోయాడు. ఆఖరి మాట "నేనింకా బతికే ఉన్నాను" అని.

అన్న ఎజికియల్ సంగతి కూడా చెప్పాలి, ఎవరి చదువు కోసం ఈయన వేళ్ళు నొప్పి పెట్టాయో ఆ అన్న. ఆయనా లాయరే అయ్యాడు. 1829లో కాంకర్డ్ కోర్టులో జ్యూరీ ముందు వాదిస్తూ వాదిస్తూ అక్కడికక్కడే కూలి పోయాడు.

మెరిమాక్ ఒడ్డు

నిన్న ఆదివారం మామగారిని తీసుకుని ఆయన పుట్టిన ఇంటికి వెళ్ళాం. ఇప్పుడు అది ఫ్రాంక్లిన్ ఊరి కిందికి వస్తుంది. మా ఇంటి నుంచి గంట ప్రయాణం. రెండు గదుల చిన్న చెక్క ఇల్లు. మామగారు వాకిట్లో నిలబడి గుమ్మం ఎత్తు చేత్తో కొలిచి, "ఇంత ఇంట్లో అంతమంది పిల్లల్ని పెట్టుకుని, ఏడాదికి పదిహేను వందలు వద్దన్నాడా!" అన్నారు. ఆయనకు తండ్రి పక్షమే నచ్చింది. తిరుగు ప్రయాణంలో హైవే బోర్డు రాగానే పేరు మొత్తం పైకి చదివి, "ఉప్పుగాలి గారికి నా నమస్కారం చెప్పు" అన్నారు.

దస్తావేజు

మెరిమాక్ గారూ, ఫ్రైబర్గ్ మీకు ఎంత దూరం? ఎప్పుడైనా అటు వెళితే రిజిస్ట్రారు ఆఫీసులో 1802 నాటి నకళ్ళ పుస్తకాలు ఉన్నాయేమో అడిగి చూస్తారా? ఒక్క పేజీ ఫొటో చాలు. దస్తూరీ చూడాలని ఉంది.

మెరిమాక్ ఒడ్డు

మూడు గంటలలోపే. మామగారి టికెట్ నెలాఖరుకి. ఆలోపే వెళతాం.